ఒక పోస్టుబాక్సు, ఏడుగురు షేర్‌హోల్డర్లు

ఒమాన్ నుంచి వచ్చి రెండు నెలలైంది. షాపుకు వచ్చిన ప్రతివాడూ అడిగేది ఒక్కటే: "ఒంటె ఎక్కినావా?" ఎక్కలేదు. పన్నెండు రోజుల్లో నేను ఎక్కినవి టాక్సీలూ, ఒక సర్కారు ఆఫీసు మూడో అంతస్తు మెట్లూ. ఆ మెట్ల సంగతే ఇక్కడ రాస్తున్నాను. ఒంటెల కోసం చదవడం మొదలుపెట్టినవారు ఇక్కడే దిగిపోవచ్చు. టికెట్టు డబ్బులు మాత్రం తిరిగి ఇవ్వను.

మాది కడప జిల్లాలో ఒక మోస్తరు ఊరు. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చే షాపు నాది. ఏడో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు వదిలించుకున్నాం. తర్వాత కొన్నేళ్ళు సినిమాహాలు దగ్గర బ్లాకులో టికెట్లు అమ్మాను. కౌంటర్లో మనిషికి రెండే ఇచ్చేవారు. నేను పదిమందిని లైన్లో నిలబెట్టి ఇరవై తెప్పించేవాణ్ణి. గొప్పకు చెప్పడం లేదు. షేర్ల చట్టం నాకు బుర్రకెక్కింది ఈ చదువు వల్లే.

మా అక్క ఓబులమ్మ పన్నెండేళ్ళుగా మస్కట్‌లో ఒక ముసలామె ఇంట్లో వంట చేస్తోంది. అక్కడ ఇంటి యజమానురాలిని పనివాళ్ళు 'మామా' అంటారు. ప్రపంచమంతా షేర్లు కూలిపోయిన మరుసటి ఏడాది, ఫిబ్రవరిలో అక్క ఫోను చేసింది.

"రేయ్ అబ్బీ, సర్కారోళ్ళు కాగితం పంపించినారు. మామా సదివి మండిపడతాంది. నెల తిరిగేలోపల తేల్చుకో, లేకుంటే టికెట్ కొనిస్తా, ఇంటికి పో అంటాంది."

"ఏం చేసినావక్కా?"

"షేర్లు కొన్నా."

నేను ఫోను చెవి నుంచి తీసి ఒకసారి చూసుకున్నాను. మా అక్క చదివింది ఐదో తరగతి. మా ఇంటి ఆడవాళ్ళలో అదే పెద్ద చదువు.

సంగతేమిటంటే, అంతకు రెండేళ్ళ ముందు ఒక గోధుమపిండి కంపెనీ కొత్తగా షేర్లు అమ్మింది. అక్కడ పని చేసుకునే పరాయి దేశం వాళ్ళు కూడా కొనుక్కోవచ్చన్నారు. చిన్న చిన్న దరఖాస్తులకు అడిగినన్నీ ఇస్తారు, పెద్ద దరఖాస్తులకు కోత పెడతారు. అక్కా, మరో ఆరుగురు తెలుగు ఆడవాళ్ళూ, అందరూ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళే, ఎవరి దాచుకున్న డబ్బుతో వాళ్ళు తలా కాసిని కొన్నారు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ దేశంలో పోస్టుమాన్ ఇంటికి రాడు. ఉత్తరాలన్నీ పోస్టాఫీసులో అద్దెకు తీసుకున్న బాక్సులకే పోతాయి. పనిమనిషికి బాక్సెక్కడిది? అక్క మామా బాక్సు నంబరు రాయించింది. మిగతా ఆరుగురూ అదే నంబరు రాయించారు. ఫోను నంబరు అడిగితే ఏడుగురూ అక్క నంబరే ఇచ్చారు. ఏడు ఫారాలూ బ్యాంకు గుమాస్తా ఒకే పెన్నుతో, ఒకే సాయంత్రం నింపాడు. ఇదేమిటో వచ్చి చెప్పమని ఆ సర్కారు కాగితం.

దొంగ ఎవడూ ఇంత చక్కగా ఆనవాళ్ళు వదలడు. అది అమాయకులకే చేతనవుతుంది.

మస్కట్: డ్రైవరు గది

బుధవారం దిగాను. మామాయే వీసా ఇప్పించింది. "మీ ఇంట్లో మాట్లాడటం వచ్చిన మగవాడు ఎవడైనా ఉంటే పిలిపించు" అందట. మాట్లాడటం వచ్చినవాడనగానే మా ఊళ్ళో వేలన్నీ నావైపే లేచాయి.

పెళ్ళిచూపులకు తీసుకెళ్ళినట్టు అక్క నన్ను మామా ముందు కూర్చోబెట్టింది. ఖర్జూరాలు పెట్టారు, గుక్కెడు పట్టే గిన్నెలో ఏలకుల కాఫీ పోశారు. చాలనుకుంటే గిన్నె కొంచెం ఊపాలనీ, ఊపకపోతే పోస్తూనే ఉంటారనీ అక్క ముందే చెప్పింది. అయితే గిన్నె ఖాళీ అయ్యాక ఊపాలని చెప్పలేదు. నేను నిండు గిన్నె ఊపాను. మామా తివాచీ మీద కాఫీ మా జిల్లా పటంలా పరుచుకుంది. మామా నన్ను చూసింది, అక్కను చూసింది, అరబీలో ఒక ముక్క అంది.

"ఏమంటాంది?"

"నోరొచ్చినోణ్ణి తెమ్మంటే చేతులు రానోణ్ణి తెచ్చినావు అంటాంది."

నాకు పడక డ్రైవరు గదిలో వేశారు. మరుసటి రోజు గురువారం. తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని రువీ అనే పేటలో, ఆ కాగితం పంపిన షేర్ల ఆఫీసుకు ఒక్కణ్ణే టాక్సీలో పోయాను. తాళం! అక్కడ వారం సెలవు గురు, శుక్రవారాలని పక్క కొట్టులో మలయాళీ చెప్పాడు. అతని దగ్గర టీ తాగాను. నూరు బైసాలు, మన డబ్బులో పన్నెండు రూపాయల పైమాట. నాలుక కాలింది టీ వేడికా, ధరకా అన్నది ఇప్పటికీ తేలలేదు. లీటరు పెట్రోలు మాత్రం పదిహేను రూపాయలే. అంత చవకైన పెట్రోలుతో బండి నడుపుతూ టాక్సీ అతను నా దగ్గర రియాలున్నర, అంటే పదిహేను వందల బైసాలు తీసుకున్నాడు. అదే దూరానికి పది మందితో పంచుకునే వ్యాను రెండు వందల బైసాలకే వస్తుందని టీ కొట్టాయన నవ్వుతూ చెప్పాడు. మళ్ళీ నూరు బైసాలు ఇచ్చి ఇంకో టీ తాగాను, బాధ తగ్గడానికి.

రువీ: మూడో అంతస్తు

శనివారం అక్కతో కలిసి వెళ్ళాను. మా కాగితం చూసే ఆఫీసరు ఒక ఆడమనిషి. పేరు రహ్మా. ముప్పై ఏళ్ళుంటాయి. ముఖం కప్పని నల్లటి బురఖా, చేతికి చిన్న వెండి గడియారం. పూణేలో చదువుకుందట, హిందీ నాకన్నా శుభ్రంగా మాట్లాడింది. నాది కడప ఉర్దూ. అది విన్నాక ఆమె ముఖంలో చిన్న నవ్వు కనిపించింది. మాకు మంచిదే అనుకున్నాను.

"ఈ ఏడుగురూ ఎవరు?"

"అంతా మా అక్క మనుషులే మేడమ్" అన్నాను ఛాతీ ముందుకు పెట్టి. మా వైపు పంచాయితీ పద్ధతి అదే. ఇంటి పెద్ద ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్ళు తల ఊపుతారు. ఎక్కువమంది మాట్లాడితే ఆ ఇంట్లో పెద్దరికం లేదంటారు. "ఆమె కూర్చోమంటే కూర్చుంటారు, లెమ్మంటే లేస్తారు."

"షేర్లు కొనమంటే?"

"కళ్ళు మూసుకుని కొంటారు!"

ఆమె రాసుకుంది.

"అమ్మమంటే?"

"మా అక్క చెప్పందే ఒక్కరు కూడా అమ్మరు మేడమ్."

అదీ రాసుకుంది. నా మాట ఒక సర్కారు ఇంత శ్రద్ధగా రాసుకోవడం అదే మొదటిసారి. నేను పొంగిపోయాను.

"మరి మీ అక్క వెనక ఎవరున్నారు?"

"ఇంకెవరుంటారు, నేనే!"

ఆమె పెన్ను ఆపి, నన్ను తలనుంచి కాలిదాకా చూసి, నా పాస్‌పోర్టు అడిగి దాని నంబరు కూడా రాసుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "వచ్చే శనివారం ఏడుగురూ రావాలి. ఎవరి మాట వాళ్ళే చెప్పాలి. లేకపోతే ఇవన్నీ ఒకే మనిషి కొన్న షేర్లని రాస్తాను. షేర్లు రద్దవుతాయి. పోస్టుబాక్సు ఎవరిదో ఆమెను కూడా పిలవాల్సి వస్తుంది."

మెట్లు దిగేటప్పుడు అక్క మొదటి అంతస్తు దాకా నాకన్నా ముందు గబగబా దిగింది. అక్కడ ఆగింది.

"మామాను ఈ ఆపీసు మెట్లెక్కించినానంటే ఆ పొద్దే నా పెట్టె సర్దాల. రేయ్ సుబ్బరాయుడూ, నిన్ను విమానంలో రప్పించిన దానికి నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాల."

"నేనేమన్నానక్కా? నిన్ను పొగిడినా కదా?"

"ఆ పొగిడేది నేను సచ్చినంక పొగుడు. అప్పుడైతే ఎవురూ రాసుకోరు."

వాడి కబీర్: పెసరట్టు మీద చట్టం

నా తప్పేమిటో తెలిసింది ఆదివారం సాయంత్రం, వాడి కబీర్‌లో. ఆ పేటలో ఒక పక్క బండ్లు బాగుచేసే షెడ్లు, ఇంకో పక్క మన మధ్యతరగతి వాళ్ళ ఫ్లాట్లు. మధ్యలో ఇండియన్ స్కూలు బస్సులు. ఒక బాల్కనీలో ఇడ్లీపాత్ర ఆరబెట్టి ఉంది. ఏ తలుపు తట్టాలో దాన్నిబట్టే తెలిసిపోయింది. ప్రసాదరావు గారిది గుంటూరు, ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. ఆయన భార్య మా అక్క దగ్గర గోంగూర పచ్చడి కొంటుంది. చుట్టరికం అంతే. పరాయి దేశంలో గోంగూర కూడా రక్తసంబంధమే.

పెసరట్టు పెట్టి, జరిగిందంతా విని, ఆయన కళ్ళజోడు తీసేశారు.

"ఏవండీ, ఆ మాట అనడమేనండీ నేరం! చిన్న దరఖాస్తుకి అడిగినన్ని షేర్లు ఇస్తారు కదా. డబ్బున్నవాడు ఏం చేస్తాడు? డ్రైవరు పేరు, తోటమాలి పేరు, వంటమనిషి పేరు పెట్టి పాతిక చిన్న దరఖాస్తులు వేస్తాడు. పేర్లు పాతిక, చెయ్యి ఒకటే. నిజంగా చిన్నవాళ్ళకి దక్కాల్సినవి వాడు ఎగరేసుకుపోతాడు. మార్కెట్టు పడ్డాక అందరూ ఏడుస్తుంటే ఇప్పుడు ఆ చేతుల్ని వెతుకుతున్నారు."

"అంటే బ్లాకు టికెట్లు" అన్నాను.

"ఏంటండీ?"

నా సినిమాహాలు వ్యాపారం వివరించాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "మా ఆడిటరు గంటసేపు చెప్పినా ఇంత తేలిగ్గా అర్థం కాలేదండీ. అయితే నిన్న మీరు చేసిందేమిటో తెలిసిందా?"

తెలిసింది. నేను నేరుగా హాలు మేనేజరు గదిలోకి పోయి, లైన్లో ఉన్నోళ్ళంతా మా అక్క మనుషులే, వెనక నేనున్నానని చెప్పి, మీసం దువ్వి వచ్చాను.

"ఈసారి మీరు నోరు తెరవకండి, సగం గెలిచినట్టే" అన్నారాయన. ఆయన భార్య ఇంకో పెసరట్టు వేసింది, బహుశా ఆ నోటిని మూయడానికే.

ఇబ్రా: మగవాళ్ళు బయటే

ఏడుగురిలో ఆరుగురు మస్కట్‌లోనే ఉన్నారు. ఏడో ఆమె గోదావరి జిల్లా సత్యవతి. యజమానులు ఇబ్రా అనే ఊరికి మారిపోతే ఆమె కూడా వెళ్ళింది. అక్క ఫోను చేస్తే తీయడం లేదు.

"ఎందుకు తీయదు?"

"నామీద అలిగింది."

"ఎందుకు అలిగింది?"

"షేర్లు అమ్మొద్దన్నా."

అందుకని బుధవారం నేను బయల్దేరాను. రెండు గంటల దారి. కొండలన్నీ గోధుమరంగులో, చెట్టన్నది లేకుండా, అప్పుడే గుండు చేయించుకుని తిరుమల దిగినట్టున్నాయి. ఆ రోజు ఇబ్రాలో ఆడవాళ్ళ సంత. అమ్మేది ఆడవాళ్ళు, కొనేదీ ఆడవాళ్ళే. మగవాడు లోపల అడుగు పెట్టకూడదు. సత్యవతి ప్రతి బుధవారం ఆ సంతకు వస్తుందని తెలుసుకుని మరీ వెళ్ళాను. కానీ ఈ నియమం నాకెవరూ చెప్పలేదు. గేటు దాటి నాలుగడుగులు వేశానో లేదో, బట్టలమ్మే ఒక ముసలామె గజం బద్ద ఎత్తింది. భాష రాకపోయినా బద్ద అర్థమైంది. మా ఊరి సంతలో ఆడవాళ్ళు కూరగాయలమ్ముతుంటే మగవాళ్ళు డబ్బులు వసూలు చేసుకుంటూ తిరుగుతారు. ఇక్కడ మగవాళ్ళంతా బయట బండ్లలో కూర్చుని, సంచులు మోయడానికి పిలుపెప్పుడొస్తుందా అని చూస్తున్నారు. నాకు ఆ ఊరి మీద గౌరవం కలిగింది.

పికప్ బండిలో ఒక పెద్దాయన, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, నన్ను పక్కకు రమ్మని ఖర్జూరాలు పెట్టాడు. కుర్రతనంలో బొంబాయితో సరుకు బేరాలు చేసినవాడు, హిందీ వచ్చు. నా పని అడిగాడు. షేర్లనగానే పకపకా నవ్వాడు.

"నాకూ ఉండేవి. మా మేనల్లుడు నా గుర్తింపు కార్డు పట్టుకెళ్ళి నా పేర కొన్నాడు. ఒక మేకను ఇచ్చాడు."

"ఏ కంపెనీ?"

"ఏమో. మేక మాత్రం మంచిది."

సత్యవతి రెండు సంచులతో బయటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అక్క చూపిన ఫోటోను బట్టి గుర్తుపట్టి, అక్క పేరు చెప్పగానే సంచులు దించింది.

"ఓబులమ్మక్క తమ్ముడు గారా అండీ! ఫోను తీయకపోతే మనిషినే పంపేసిందా?"

జరిగింది చెప్పాను. రాకపోతే అందరి షేర్లూ పోతాయన్నాను. అక్క ఉద్యోగం కూడా పోతుందన్నాను. ఆమె ముఖం కొంచెం మెత్తబడింది, మళ్ళీ బిగుసుకుంది.

"వస్తానండి. మా మామాని సెలవడుగుతాను. కానీ ఒకటండోయ్. అక్కడ నా మాట నేనే చెప్తాను. ఎవరూ నేర్పక్కర్లేదు. నా కడుపులో ఉన్నదంతా కక్కేస్తాను, తర్వాత మీ అక్కగారు ఏడ్చినా నాకు తెలీదు."

తిరుగు దారిలో కొండలు నాకు కనబడలేదు. ఆమె కడుపులో ఏముందా అనే ఆలోచనతోనే మస్కట్ వచ్చేసింది.

మళ్ళీ మూడో అంతస్తు

ప్రసాదరావు గారు నన్ను నోరు మూసుకోమన్నారు గానీ, ఇతరుల నోళ్ళు తెరిపించవద్దని అనలేదు. శుక్రవారం సెలవు పూట పార్కులో గడ్డి మీద ఆరుగురినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాను. "నా డబ్బు నాది, నా నిర్ణయం నాది, నా వెనక ఎవరూ లేరు మేడమ్." అక్క చేత అరబీలోకి మార్పించి వంద సార్లు వల్లె వేయించాను. ఏడో తరగతి దాటనివాణ్ణి, మాస్టారు ఉద్యోగం ఇంత తేలికని నాకెవరూ చెప్పలేదు. సత్యవతి మాత్రం శనివారం ఉదయం నేరుగా ఆఫీసుకే వచ్చింది.

రహ్మా మేడమ్ నాకు గది మూలన కుర్చీ చూపించి, పెదవుల మీద వేలు పెట్టింది. తర్వాత అక్కను అడిగింది. "ఈ కంపెనీ షేర్లు ఎందుకు కొన్నావు?"

"నా డబ్బు నాది, నా నిర్ణయం నాది, నా వెనక ఎవరూ లేరు మేడమ్."

రాజంపేట రెడ్డెమ్మను అడిగింది. అదే పాఠం. మూడో ఆమె కూడా అదే, గుక్క తిప్పుకోవడంతో సహా. మేడమ్ పెన్ను మూత పెట్టి, మూలనున్న నావైపు చూసింది. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఏడుగురిని విడివిడి మనుషులుగా చూపించబోయి, ఒకే గొంతున్న ఏడు రేడియోలను పట్టుకొచ్చాను. ఇక షేర్లు పోయినట్టే, అక్క పెట్టె సర్దినట్టే.

అప్పుడు సత్యవతి లేచింది.

"ఇదేంటండీ, బడిపిల్లల్లాగ! మేడమ్ గారూ, నేను చెప్తానండి" అని తెలుగులో మొదలుపెట్టి, మేడమ్‌కు తెలియాలని అరబీలోకి దూకింది (ఆ రోజు అరబీ అంతా తర్వాత అక్క నాకు తెలుగు చేసి చెప్పింది). "మొదటి నెల్లోనే ధర పెరిగింది. అమ్మేద్దాం అన్నాను. ఈ ఓబులమ్మక్క వద్దంది. ఉంచు, ఉంచు, ఉంచు! ఈవిడ మాట వింటే ఏమయ్యేదాన్ని? సగం అమ్మేశాను!"

అక్క తల తిరిగింది. "ఏందీ? అమ్మేసినావా?"

"అమ్మేశానండి! చెవులకి దుద్దులు చేయించుకున్నాను, ఇవిగో!"

"నాకు చెప్పకుండానా?"

"మీకు చెప్తే అమ్మనిస్తారా?"

రెడ్డెమ్మ పక్కకు జరిగింది. అక్కకు అనుమానం వచ్చింది. "నువ్వేమే, కింద చూస్తాండావు?"

"నేనూ అమ్మినా అక్కా" అంది రెడ్డెమ్మ, వినీ వినపడకుండా. "అన్నీ."

"అన్నీనా!"

"మార్కెట్టు పడకముందే అమ్మినాలే. నువ్వు తిడతావని చెప్పలా."

ఇంకో ఆమె అమ్మలేదు సరికదా, అక్కకు తెలియకుండా వేరే సిమెంటు కంపెనీవి కొని, సగానికి సగం పోగొట్టుకుని, ఆ కోపం కూడా అక్క మీదే పెట్టుకుంది. ఎందుకంటే అక్క ఆపి ఉండాల్సిందట. "తెలిస్తే కదా ఆపేది!" అని అక్క. "పెద్దదానివి, తెలుసుకోవద్దా!" అని ఆమె. "పిండికొట్టులో ఈ మార్కు మూటలే నిలవుండవని సూసి కొన్నా నేను. నా కండ్లతో సూసి! మీరేం సూసి అమ్మినారు?" అని అక్క అందరి మీదకీ. తెలుగు, అరబీ, కడప, గోదావరి అన్నీ ఒకేసారి నడిచాయి. పక్క గది నుంచి ఇద్దరు గుమాస్తాలు తొంగి చూశారు. నేను నా జీవితంలో మొదటిసారి, మాట్లాడటానికి ఇంత సరుకు ఉండి కూడా, రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాను.

మేడమ్ ఎవరినీ ఆపలేదు. ఎవరికి వాళ్ళు అలిసి ఆగేదాకా చూసి, కంప్యూటరు తెరను మావైపు తిప్పింది.

"ఈ అమ్మకాలన్నీ నాకు ముందే తెలుసు. ఎప్పుడు ఎన్ని అమ్మారో ఇక్కడ ఉంది. అమ్మింది మీ చేతులేనా, ఒకే చెయ్యి మీ అందరి పేర్లతో అమ్మిందా అన్నదే తెలియలేదు. ఈ ఏడాది చాలామందిని ఇక్కడ కూర్చోబెట్టి అడిగాను. పేరు అరువిచ్చినవాళ్ళు ఎవరికీ కోపం రాదు. కోపం సొంతదారుకే వస్తుంది." ఆమె సత్యవతి దుద్దుల వైపు చూసింది. "అందరూ కలిసి ఒక్కటిగా నడిచేవాళ్ళను పట్టుకోవడం నా ఉద్యోగం. మీ ఏడుగురి వల్ల ఆ ప్రమాదం నాకు కనబడటం లేదు."

తర్వాత ఏడుగురి దగ్గరా ఏడు ఫోను నంబర్లు వేరుగా రాయించుకుంది. సొంత బాక్సులు తీసుకునేదాకా ఉత్తరాలు ఆఫీసుకే వచ్చి తీసుకోమంది. పోస్టుబాక్సు యజమానురాలికి ఇందులో ఏ సంబంధమూ లేదని ఒక కాగితం రాసి ముద్ర వేసింది. అక్క దాన్ని మడతపెట్టి, రవికెలో దాచబోయి, మేడమ్ చూస్తోందని చేతిసంచిలో పెట్టుకుంది. నా పాస్‌పోర్టు నంబరు ఉన్న కాగితాన్ని మేడమ్ నా ముందే చించేసింది. "మీరు ఎవరి వెనకా లేరు" అంది హిందీలో. కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట నిజం.

కింద రోడ్డు మీద ఏడుగురూ ఎడంగా నిలబడ్డారు. ఉద్యోగం నిలిచింది, షేర్లు నిలిచాయి. అయినా అక్క ముఖం వాడిపోయి ఉంది. రెండేళ్ళు తన మాటే చెల్లుతోందనుకుంది, ఎవరికి తోచింది వాళ్ళు చేశారని ఇవాళ సర్కారు సాక్షిగా తేలింది. అది తేలబట్టే బతికింది. నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు సర్దుకుంటోంది.

సత్యవతి నెమ్మదిగా దగ్గరకు వచ్చింది.

"అక్కా, ఆ మిగిలిన సగం... అమ్మమంటారా, ఉంచమంటారా?"

"నన్నడగొద్దు తల్లీ. నీ డబ్బు నీది, నీ ఇష్టం నీది" అని అక్క టాక్సీ వైపు నడిచింది. మూడడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగింది.

"ఉంచు" అంది.

"అలాగేనక్కా" అంది సత్యవతి. మిగతా ఐదుగురూ తలలూపారు.

నేను గబుక్కున తలెత్తి మూడో అంతస్తు కిటికీ వైపు చూశాను. అదృష్టం, మూసే ఉంది.